మా మేనత్త పిల్లలకు అబద్ధం చెప్పలేదు

ఆ పొద్దు ఆవుపాలు పిండి, దూడను విడిచి, తులసి కోట దగ్గర దీపం పెట్టి, రాగిపిండి జల్లించుకుంటా కూర్చున్నాను. వాకిట్లో ముగ్గు తడి ఇంకా ఆరలేదు. ఏర్పేడు దిక్కునుంచి మా తమ్ముడు నడిచి వచ్చినాడు. చెప్పులు చేత పట్టుకొని ఉన్నాడు.

"అక్కా, అత్త పోయింది. నిద్రలోనే."

జల్లెడ పక్కన పెట్టినాను. స్వామికి దండం పెట్టుకొని తమ్ముడి వెంట బయలుదేరినాను.

ఆమె మా నాయనకు చెల్లెలు. పోయిన పెద్ద యుద్ధం ముగిసే నాళ్ళలో వచ్చిన విషజ్వరంలో మా అమ్మా నాయనా ఒకే వారంలో పోయినారు. నేను అప్పటికే పెండ్లయి వేరే ఊళ్ళో ఉన్నాను. తమ్ముడికి ఐదేండ్లు. పసివాడు తట్టుకోలేడని మా చిన్నాయన, "మీ అమ్మ ఊరికి పోయిందిరా, వస్తాది" అని చెప్పినాడు. ఊళ్ళో ఎన్నో ఇండ్లలో పిల్లలకు అప్పుడు ఇదే మాట.

వాడు దినమంతా దావలోనే కూర్చునేవాడు. బండి వస్తే లేచి నిలబడేవాడు. కొన్నాళ్ళకు ఎవరు గడప దాటినా కాళ్ళు చుట్టుకొని, "ఊరికి పోవద్దు" అని అరవడం మొదలుపెట్టినాడు. నేను మెట్టినింటికి తిరిగి పోవాలంటే వాడు నిద్రపోయేదాకా కాచుకొని, పెరటిదావన పోవాల్సి వచ్చేది.

అత్త మొగుణ్ణి కూడా ఆ జ్వరమే తీసుకుపోయింది. కొడుకును చంకనేసుకొని మా ఇంటికి వచ్చి చేరింది. రెండోనాడే తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నాయనా, మీ అమ్మ ఊరికి పోలా. సచ్చిపోయింది. మీ నాయనా సచ్చిపోయినాడు. సచ్చినోళ్ళు రారు. ఇంక దావలో కూసోబాకు."

చిన్నాయన మండిపడినాడు. "అది నోరా, పొయ్యా అక్కా?"

"పొయ్యే రా. పొయ్యి లేకుంటే కూడెట్ట ఉడుకుతాది?"

తమ్ముడి ఏడుపు ఆ దినం ఊరంతా విన్నది. ఆమె ఊరుకోమనలేదు. ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది, అంతే.

ఆ తర్వాత ఎక్కడికి పోయినా చెప్పి పోయేది. "కాళహస్తి సంతకు పోతా ఉండా. పొద్దు మునగకముందే వస్తా." చెప్పినట్టే వచ్చేది. బేరం కుదరకపోతే చింతపండు గంప అట్లే నెత్తిన పెట్టుకొని వచ్చేది. తోటి ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

"ఏం మే, కొత్త పెండ్లికూతురి మాదిరి పొద్దుండంగానే పరిగెత్తుతావే!"

"మొగుడైతే కాసుకుంటాడు. పిల్లోడు కాసుకోలేడు."

గడప దాటేవాళ్ళ కాళ్ళు తమ్ముడు వదిలిపెట్టడానికి చాన్నాళ్ళు పట్టింది. పట్టనీ, అనేది అత్త.

చావు మాట పిల్లల ముందు ఎత్తరాదనేవాళ్ళు ఇది చదివి నన్ను తప్పుపట్టవచ్చు. పట్టనీ, అని నేనూ అంటాను.

రెండేండ్ల కింద వాంతిబేదుల గత్తర వచ్చి ఆమె కొడుకునూ కోడలినీ తీసుకుపోయింది. నాలుగేండ్ల మనవరాలు మిగిలింది. దానికీ ఆమే చెప్పింది. గొంతు వణకలేదని రాయను. వణికింది. వణుకుతానే చెప్పింది.

అత్త పోయిన ఆ పొద్దు మేం చేరేసరికి ఆ పిల్ల ఇంట్లో లేదు. అవ్వ తిరుపతి కొండకు పోయిందని చెప్పి పొరుగింటికి పంపించినారు. మధ్యాహ్నానికి అత్తను సాగనంపి వచ్చి, స్నానాలు చేసి, సాయంత్రం తిన్నె మీద కూర్చున్నాం. ఇప్పుడు సత్యవేడులో ఉండే ఆ చిన్నాయనే చుట్టంచూపుగా వచ్చి ఆ వారం అక్కడే ఉన్నాడు.

"అమ్మా నాయనా పోయిన బిడ్డ. ఇంకో చావు దానికి చెప్పొద్దు. నాతో సత్యవేడుకు పిలుచుకుపోతా. నాలుగు దినాలైతే అదే మరిచిపోతాది" అన్నాడు.

మంచి మనిషి. మంచికే అన్నాడు. నాకు కోపం వస్తే దేవుని ముందు దించుకుంటాను. ఆ సాయంత్రం దించుకోలేదు.

"చిన్నాయనా, కొండకు పోయినోళ్ళు గుండు చేయించుకోని, ప్రసాదం ఎత్తుకోని ఇంటికొస్తారు. ఆ పిల్ల కాసుకుంటాది. స్వామి పేరు మీద అబద్ధం వద్దు."

"ఆ పసిదానికి చెప్పను నీకు గుండె ఉండాదా మే?"

తమ్ముడు లేచినాడు.

"నేను చెప్తా. దావలో కూసున్నోణ్ణి నేను. సచ్చిపోయిందని విన్నప్పుడు ఏడ్చినా, ఆ ఏడుపు అయిపోయింది. వస్తాదని కాసుకున్నానే, అది మాత్రం ఇంకా నా కడుపులోనే ఉండాది."



ఆ సాయంత్రం మేం అనుకున్నది ఇది. పిల్ల ఇక్కడే, తమ్ముడి బిడ్డలతోనే పెరగాలి. దీపాలు పెట్టకముందే పిలుచుకొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఏడిస్తే ఎవరూ ఊరుకోమనకూడదు. నేను నెల్లాళ్ళు ఉండాలి. పోయేటప్పుడు పట్టపగలు, తలవాకిట్లోనుంచి, ఎప్పుడు తిరిగొస్తానో దానికి చెప్పి పోవాలి.

చిన్నాయన ఒక్కటే అడిగినాడు. "నేను పోయినా దానికి ఇట్నే చెప్తారా?"

"చెప్తాం" అన్నాడు తమ్ముడు.

"సరే" అని చిన్నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. పిల్లను పిలుచుకొచ్చేదానికి తమ్ముడి వెంట తానూ తిన్నె దిగినాడు.