పెంచలమ్మక్క తోడుకున్న నీళ్ళు

ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆయనకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నానేమో.

విడవలూరు దగ్గర మాకు రొయ్యల గుంట ఉండేది. పక్క గుంటను పెంచలమ్మక్క కౌలుకు చేసేది. రెండు గుంటలకూ నీళ్ళు తోడుకునేదీ, వదిలేదీ ఒకే ఉప్పుకాలవ. నా డిగ్రీ చివరి ఏడు, మా రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలింది. తెగులొస్తే పక్కవాళ్ళకు చెప్పాకే నీళ్ళు వదలాలి. అది మా వైపు కట్టుబాటు. కానీ ఆ మాట పొక్కితే వ్యాపారి సగం ధరకు కూడా కొనడు. నాన్న గుట్టుగా రొయ్యలు పట్టించి, నీళ్ళు కాలవలోకి వదిలేశాడు.

తెల్లారి అక్క గట్టు మీద నన్ను ఆపింది.

“ఏం పాపా, మీ నాయన నీళ్ళొదిలినాడే, తెగులేమన్నా ఉండాదా? మేము మోటారెయ్యచ్చునా?”

“ఏం లేదక్కా. వేసుకోండి.”

“చదువుకున్న బిడ్డవి, నువ్వు చెప్పినావు, చాల్లే. మా ఆయన నా మొహం చూసి ఎన్నాళ్ళయిందో, పొద్దస్తమానం రొయ్యల మొహాలే చూస్తా ఉండాడు!”

నవ్వాను. ఆ నవ్వు నాకెలా వచ్చింది?

కొన్నాళ్ళకే వాళ్ళ రొయ్యలు చచ్చి గట్టుకు కొట్టుకొచ్చాయి. అంతా తలరాత అని అక్క నా భుజం మీదే ఏడ్చింది. ఓదార్చాను. కౌలు వదులుకుని చెన్నై వెళ్ళిపోయారు.

తర్వాత నెల్లూరులో ఒక లాయరును, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. తెలిసి నష్టం చేస్తే నేరమే, కానీ ఇలాంటి కేసుకు మూడేళ్ళే గడువు, దాటితే కోర్టు తీసుకోదు అన్నాడు. ఆ మూడేళ్ళూ గేటు చప్పుడైతే ఉలిక్కిపడ్డాను. దాటితే హాయిగా ఉంటుందనుకున్నాను. దాటింది. అక్క మీద బెంగ అప్పుడే మొదలైంది.

నీ బిడ్డకు నేనే నీళ్ళు పోస్తా అనేది అక్క, అప్పట్లో. నా కూతురికి ఇప్పుడు ఐదో నెల. నీళ్ళు పోయడానికి కాళ్ళు చాపుకుని దాన్ని పడుకోబెట్టుకున్నప్పుడల్లా, ఆమె అయితే ఎంత ఒడుపుగా పోసేదో అనిపిస్తుంది. అది కాస్త తుమ్మినా, నేను చేసింది దానికి తగులుతుందేమోనని భయం. చదువుకున్నదాన్ని, ఇలా అనుకోకూడదు. అనుకుంటాను.

కేసే పడి ఉంటే, ఏదో ఒక వాయిదాకు ఆమె నా ఎదురుగా నిలబడేది. నోరారా తిట్టేది. ఆ తిట్లు వినాలని ఎంత ఆశగా ఉందో ఎవరితో చెప్పను? ఫోను చేయొచ్చు కదా అంటారు. నంబరు ఉంది. ధైర్యమే లేదు.

తెగులుందని నాకు తెలుసు. తెలిసే అలా చెప్పాను. ఇంత మాట రాయడం ఇదే మొదటిసారి. ఇప్పుడు వెళ్ళి బిడ్డ పక్కన కాసేపు పడుకోగలననిపిస్తోంది.