కెమెరా అద్దంలో కుడి ఎడమలు

ఈతచెట్టుకు వేలాడుతున్న గిజిగాడి గూళ్ల వెనక ఒక సీతాఫలం కొమ్మ కిందికి వంగింది. గాలి లేదు. గూళ్లు కదలడం లేదు. వంగిన కొమ్మ కాసేపు అలాగే ఉండి, ఎవరో పట్టు వదిలినట్టు ఒక్కసారిగా పైకి లేచింది. దాని కింద, ఆకుల నీడ కన్నా నల్లగా, ఏదో ఉంది.

నేను కెమెరా మీదికి వంగి ఉన్నాను. పిల్లలిద్దరూ నాకు కుడివైపున, వాగు ఒడ్డు బండ మీద, పలకలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పిలిస్తే పలికేంత దూరమే. కానీ పలకవద్దని చెప్పింది నేనే.

ఆ కెమెరా గురించి కొంత చెప్పాలి. నేను బి.యస్సీ. పాసైనప్పుడు మా అన్నయ్య మద్రాసు తీసుకెళ్లి కొనిపెట్టాడు. దుకాణంలో రెండు రకాలు చూపించారు. ఒకటి చిన్నది, కంటికి ఆనించుకుని చూసేది. రెండోది నిలువు పెట్టె. దాని ముందు భాగంలో ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులుంటాయి. కిందిది ఫిల్ముకు, పైది మనకు. పై మూత తెరిచి తల వంచితే గరుకుటద్దం మీద బొమ్మ కనిపిస్తుంది. బరువు తక్కువ, చేతిసంచిలో పడుతుంది, చిన్నదే తీసుకోమన్నాడు అన్నయ్య. నేను పెట్టెనే ఎంచుకున్నాను. మన ముఖం కనిపిస్తే పిట్టలు బెదురుతాయి. ఇందులోనైతే తల ఎత్తకుండా చూడవచ్చు, నేల మీద పెట్టి గడ్డిపూలు కూడా తీయవచ్చు. ఒక్కటే చిక్కు. ఆ అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి. పిట్ట కుడికి ఎగిరితే అద్దంలో ఎడమకు పోతుంది. మొదటి రీళ్లన్నీ ఖాళీ కొమ్మలతోనే అయిపోయాయి. తర్వాత చేతులకు అలవాటైంది. మనసుతో పని లేకుండా అవే తిప్పేవి.

మా ఆయన రైల్వేలో పనిచేస్తారు. సొంత ఊరికి దగ్గరని గిద్దలూరు అడిగి వేయించుకున్నారు. తాలూకా ఆఫీసు బోర్డు మీద కొత్త రాష్ట్రం పేరు రాస్తున్న రోజులవి. ఇక్కడి ఎండకూ దుమ్ముకూ కెమెరాను కాపాడటం పిల్లల్ని కాపాడినంత పని. వేసవిలో ఫిల్ము డబ్బాను నీళ్లకుండ కింది తడి ఇసుకలో పెడతాను. వానాకాలం లెన్సుకు బూజు పట్టకుండా, వేయించిన బియ్యం గుడ్డలో మూటకట్టి కెమెరా సంచిలో వేస్తాను. బియ్యం మెత్తబడితే మళ్లీ వేయించాలి. పాత వాయిలు చీర ముక్కతో తప్ప దేనితోనూ లెన్సు తుడవను. ఇవన్నీ చూసి మా ఆయన, ఇంటికొచ్చిన అల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు చెయ్యరని నవ్వుతారు.

ఆ ఆదివారం పొద్దున ఆయన డ్యూటీకి పోయాక, పిల్లల్ని తీసుకుని ఊరి బయటి వాగు దగ్గరికి వెళ్లాను. వాగు అవతల సీతాఫలం పొదలు మొదలై అలాగే నల్లమలలోకి పోతాయి. కాయలు కన్ను విచ్చే కాలం. మేకలు కాసే పెద్దామె అక్కడే ఉంది. ఆమె నన్ను కోడలా అంటుంది, నేను అత్తా అంటాను.

ఈ వైపు పొదల్లోకి పోయేవాళ్లెవరూ నోరు మూసుకుని పోరు. తోడెవరూ లేకపోతే ఎవరినో ఒకరిని తిట్టుకుంటూనైనా పోతారు. మేకల మెడలో గంటలు కట్టేది కూడా సగం అందుకే. మనిషి అలికిడి ముందే తెలిస్తే ఎలుగు తప్పుకుంటుంది. తెలియక దగ్గరికి వచ్చేస్తే మీద పడుతుంది. అత్తవారింటికి వచ్చిన కొత్తలోనే ఈ మాట విన్నాను. కానీ పట్టపగలు, రైలు కూత వినిపించేంత దగ్గరలో ఏం వస్తుందిలే అనుకున్నాను.

గంటల చప్పుడుకు గిజిగాళ్లు గూళ్ల మీద వాలడం లేదు. మేకల్ని కాస్త అవతలికి తోలమని అత్తను అడిగాను.

"బావిలో పడిన చెంబు ఎతుకుతున్నట్టు ఆ పెట్టెలోకి చూస్తా ఉంటావు. నీకోసరం నా మేకలు కూడా నోరు మూసుకోవాల్నా కోడలా?" అంది. అంటూనే తోలుకుపోయింది.

పిల్లలకు ఒక ఆట పెట్టాను. నేను కెమెరా మూత మూసేదాకా ఎవరు మాట్లాడితే వాళ్లు ఓడినట్టు. ఆరేళ్ల అమ్మాయిని పరీక్షించడానికి మధ్యలో మంచినీళ్లు కావాలా అని అడిగాను. తల ఊపింది గానీ నోరు తెరవలేదు. చిన్నవాడు రెండు చేతులతో నోరు మూసుకుని అక్కనే చూస్తున్నాడు. కాసేపటికి పిట్టలు వాలాయి. నేను దూరం సరిచేసుకుంటుంటే ఆ కొమ్మ వంగింది.

నలుపు పొదలోంచి బయటికి వచ్చింది. ఎలుగే. ముక్కు నేలకు ఆనించి, రాలిన కాయలు వెతుక్కుంటూ నడుస్తోంది. అద్దంలో నా బొటనవేలి గోరంత ఉంది. ఎడమకు పోతోంది. పిల్లలు కుడివైపు. పోతోంది, పోనీ, కదలకు అని నాకు నేను చెప్పుకున్నాను. అది అద్దం ఎడమ అంచు దాటేదాకా చూశాను. ఆ తర్వాత తల ఎత్తాను.

ఎడమవైపు ఏమీ లేదు. అది కుడివైపున, వాగు ఇసుకలో, పిల్లలున్న బండ వైపు నడుస్తోంది. పిల్లల ముఖాలు నా వైపున్నాయి. వీపులు దాని వైపున్నాయి.

కేక పెడితే పిల్లలు లేచి పరుగెత్తుతారు. బెదిరిన ఎలుగు ముందు పిల్లలు పరుగెత్తకూడదు. మామూలుగా మాట్లాడాలి, గట్టిగా మాట్లాడాలి.

"అమ్మాయీ, రెండో ఎక్కం చెప్పు," అన్నాను.

అమ్మాయి నవ్వి తల అడ్డంగా ఊపింది.

"ఆట అయిపోయింది. చెప్పు. గట్టిగా చెప్పు."

పెదవులు ఇంకా గట్టిగా బిగించింది. తనను ఓడించాలని చూస్తున్నాను అనుకుంది. నీళ్లు కావాలా అని అడిగినదాన్ని నేనే కదా. ఎలుగు ఆగింది, ఒక కాయను పంజాతో దొర్లించింది, మళ్లీ నడిచింది. వాగు ఇవతలి ఒడ్డుకు వచ్చేసింది.

అప్పుడు మూత గుర్తొచ్చింది. దానికి నాలుగు సన్నటి రేకు రెక్కలుంటాయి. పక్కవి మొదట మడిచి, తర్వాత వెనకది, చివర ముందుది మూయాలి. తొందరపడితే వంగిపోతాయి. అది కొన్నప్పటి నుంచి నేనెప్పుడూ తొందరపడలేదు. ఆ రోజు అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాను. రేకులు నలిగిన చప్పుడు వాళ్ల దాకా వినిపించింది.

"నేనే గెలిచినా!" అని అరిచింది అమ్మాయి.

"ఎక్కం చెబితేనే గెలిచినట్టు. ఇద్దరూ చెప్పండి. నన్ను చూసి చెప్పండి."

రెండొకట్ల రెండు, రెండు రెళ్లు నాలుగు. అమ్మాయి గొంతు ఖంగున లేచింది. చిన్నవాడు లెక్క తప్పుతూ, ఇంకా గట్టిగా అందుకున్నాడు. నేనూ చెబుతూ, అడుగులో అడుగు వేసుకుంటూ వాళ్ల వైపు నడిచాను. ఎలుగు ఆగిపోయింది. వెనక కాళ్ల మీద లేచి నిలబడి, మూతి పైకెత్తి గాలి పీల్చింది. దాని రొమ్ము మీది తెల్లటి గుర్తు కనిపించింది. పదో అంకె దాకా వచ్చి అమ్మాయి ఆగబోతే, మూడో ఎక్కం అన్నాను. ఎలుగు ముందుకాళ్లు కిందికి దించి, వచ్చిన దారినే, తొందరేమీ లేనట్టు పొదల్లోకి పోయింది. చేయి అందగానే పిల్లలిద్దర్నీ బండ మీంచి దించేశాను. వాళ్లు మూడో ఎక్కం చెబుతూనే ఉన్నారు.

కాసేపటికి గంటలు వినిపించాయి. పిల్లలు చక్కగా చదువుతుంటే విందామని వచ్చానంది అత్త. తర్వాత ఇసుకలోని అడుగులు చూసింది. చిన్నవాణ్ణి చంకనేసుకుని ఊరి దాకా మాతో నడిచింది.

సాయంత్రం మా ఆయన వంగిన రెక్కలు చూసి కింద పడేసినావా అన్నారు. జరిగింది చెప్పాను. ఆయన లేచి, ఆడుకుంటున్న పిల్లల దగ్గరికి పోయి ఊరికే కూర్చుని వచ్చారు. వాళ్లకు మాత్రం చెప్పవద్దన్నారు. చిన్నపిల్లలు, జడుసుకుంటారు, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తారు అన్నారు. నాకూ అదే భయం. కానీ చెప్పకపోతే వాళ్లకు ఆ బండ ఆడుకునే చోటే. సీతాఫలాల కోసం రేపు వాళ్లంతట వాళ్లే పోతారు, అదీ మాట్లాడకుండా కూర్చునే ఆట నేర్చుకుని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పటికీ వాళ్లు పడుకున్నాక ఇది రాస్తూ మధ్యలో లేచి చూసి వస్తున్నాను.

తెల్లవారి అన్నం పెడుతూ చెప్పాను. నిన్న మీ వెనక ఎలుగు వచ్చింది, మీ మాట విని పోయింది అన్నాను. ఎంత పెద్దదని అడిగాడు చిన్నవాడు. మన తలుపులో పట్టేంత అని నిజమే చెప్పాను. వాడు అక్క దగ్గరికి జరిగి కూర్చున్నాడు. పొదల వైపు పోతే పెద్దవాళ్లతోనే పోవాలని, పోయినంతసేపూ మాట్లాడుతూనే ఉండాలని, పిట్టలు ఎగిరిపోతే పోనివ్వమని చెప్పాను.

అమ్మాయి ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆలోచించింది.

"నువ్వు ఊరుకోమంటేనో?"

"నేను ఊరుకోమన్నా ఊరుకోవద్దు," అన్నాను.