పన్నెండు వాటాలకు ఒకటే తలుపు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఫిబ్రవరిలో, నన్ను కృష్ణా డెల్టాలో ఒక మున్సిపాలిటీకి రెవెన్యూ ఆఫీసరుగా వేశారు. ఊరి పేరు చెప్పను, నా పెన్షన్ నాకు కావాలి. ఇంటిపన్ను విధించడం, వసూలు చేయడం నా పని. ఖజానా ఖాళీగా ఉంది. కొత్త ఇళ్లను పన్ను కిందికి తెమ్మని కమిషనరుగారు రోజూ ప్రాణం తీసేవారు.

ఊరి చివర పాత ధాన్యం గోడౌన్‌ను పన్నెండు వాటాలు చేసి, రొయ్యల షెడ్డులో పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలకు అద్దెకిచ్చారు. కుళాయి లేదు. ఆడవాళ్లు పని దిగాక మైలు దూరం నుంచి బిందెలు మోసేవారు. కుళాయి కావాలంటే వాటాకు ఇంటిపన్ను నంబరు ఉండాలి. ఆ నంబరు రావాలంటే తలుపుతో సహా ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి. వాళ్ల గుమ్మాలకు వేలాడేవి పాత చీరలు.

అయినా వారంలో పన్నెండు దరఖాస్తులూ తలుపులతో సహా వచ్చాయి. మా బిల్ కలెక్టర్ సుబ్బారావు పనితనానికి మురిసిపోయి, కళ్లు మూసుకుని సంతకాలు పెట్టేశాను. కుళాయిలు వచ్చాయి.

జూన్‌లో ఆడిట్ వాళ్లు దిగారు. ఆడిటరుగారు ఫోటోలు చూసి అభ్యంతరం రాశారు. ప్రతి తలుపు మీదా "కుక్క ఉంది జాగ్రత్త" అన్న బోర్డు ఉంది కదా, పన్నెండు కుక్కలకు లైసెన్సు రుసుము ఎందుకు వసూలు చేయలేదని!

సుబ్బారావును పిలిచాను.

"ఒకటే తలుపండి. గుడివాడలో పాత తలుపులమ్మే కలప అడితిలోంచి ఒక్క రోజుకి అడిగి తెచ్చామండి. గుమ్మం గుమ్మానికీ ఆనించి ఫోటో తీశానండి."

"మరి కుక్కలు?"

"తలుపుతోపాటు కుక్కనివ్వలేదండి."

కుక్కలు లేవంటే తలుపు బండారం బయటపడి కుళాయిలు కోసేస్తారు. ఉన్నాయంటే పన్నెండింటినీ చూపించాలి. గోడౌన్‌కి వెళ్లి వాళ్ల పెద్ద నిరంజన్‌కి సంగతి చెప్పాను.

"నీళ్లు తీయొద్దు సార్. ఆడిట్ సార్ వస్తే మేమే మొరుగుతాం," అన్నాడు వచ్చీరాని తెలుగులో.

నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. అక్కడే కుళాయి కింద తడిలో ఒక ఊరకుక్క పడుకుని ఉంది. దాన్ని చూడగానే జవాబు తట్టింది. వాటాదారులందరూ ఉమ్మడిగా ఒకే కుక్కను పెంచుకుంటున్నారని రాసి, ఒక లైసెన్సు రుసుము నేనే కట్టాను. అభ్యంతరం ఎత్తేశారు. కుక్కకు లైసెన్సు కాగితం వచ్చింది, మెడలో మున్సిపాలిటీ బిళ్ల పడింది.

ఫోటో మీద సంతకం పెట్టే ముందు ఆ ఇంటికి ఒకసారి వెళ్లి చూడాలని ఉద్యోగం చివర్లో నేర్చుకున్నాను. పన్ను కాగితాలు గోడౌన్ యజమాని పేరున ఉన్నాయి. చిరునామా రుజువు లేదంటూ నిరంజన్ రేషన్ అర్జీ నేను రిటైరయ్యేదాకా తిరిగొస్తూనే ఉంది. ఆ గోడౌన్‌లో ఉండేవాళ్లలో, చిరునామాతో సర్కారు కాగితం కుక్క ఒక్కదానికే ఉంది.