రత్నమ్మ ఇంటికి రాని దయ్యం

చెన్నబసప్ప సార్‌కు ఒక్కటే జబ్బు. ఏది కంటబడ్డా "ఆగున్రి, దీనికో చరిత్ర ఉన్నది" అనకపోతే ఆయనకు తిన్నది అరగదు. జహీరాబాద్‌లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాక ఆ జబ్బు మరీ ముదిరింది. హోటల్లో చాయ్ తెస్తే సాసర్ తిరగేసి చూసేవాడు, చాయ్ ఒలికిపోయేది. ఊళ్ళో వీరన్న అనే ఆయన పోయినప్పుడు పాడె లేపాక కూడా "ఆగున్రి" అన్నాడు. మోస్తున్నవాళ్ళు పాపం ఆగారు. పాడె కట్టిన ముడిలో పాతకాలపు పనితనం ఎంత ఉందో భుజాలు పడిపోయేదాకా విన్నారు. వీరన్న ఒక్కడే విసుక్కోలేదు.

చూసిందల్లా పుస్తకంలోకి ఎక్కించేవాడు. కోహీర్ వైపు గోడల మీది బొమ్మల గురించి ఒకటి, జొన్నరొట్టె పుట్టుపూర్వోత్తరాల మీద ఒకటి, చుట్టుపక్కల దయ్యాల మీద ఇంకొకటి. బొమ్మలకూ రొట్టెలకూ దయ్యాలకూ పొత్తేమిటి సార్ అని ఎవరైనా అడిగితే, "మూడూ ఒక్క ఇంట్లనే ఉంటయి, చూసెటోళ్ళు చూస్తే" అనేవాడు.

రత్నమ్మ కడుపుమంట అక్కడే. తానుండే గల్లీలో తన ఇల్లు తప్ప అందరి ఇళ్ళూ ఏదో ఒక పుస్తకంలో ఉన్నాయి. పెయింటర్ సాల్మన్ తన గోడ మీద వేసిన నెమలి రంగుల్లో అచ్చయింది. నీలమ్మ రొట్టెకు బోలెడు పేజీలు. అవన్నీ పోనీ అనుకోవచ్చు. ఎదురింటి బీరమ్మ దయ్యానికి ఏకంగా ఒక అధ్యాయం! చచ్చిపోయిన అత్త ఇంటి వెనక జాగాలో కూర్చుని ఆకువక్క దంచుతుందట. ఆ జాగా చూడటానికి ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి సెల్ఫీలు దిగుతున్నారు. మధ్యలో బీరమ్మ కొంగు సర్దుకుని నవ్వుతుంటే రత్నమ్మకు ఒళ్ళు మండిపోయేది.

"బతికున్నన్ని దినాలు ఆ ముసల్ది గల్లీనంత తిట్టిపోసె. సచ్చినంక పుస్తకమెక్కె! నా అత్తకేం తక్కువైంది?" అంది మొగుడితో.

"మా అమ్మ ఇంక బతికే ఉన్నది గదనే, మొగుడంపల్లిల," అన్నాడు మదన్‌మోహన్.

"గదే గద నా కర్మ!"

దయ్యాల పుస్తకం మళ్ళీ అచ్చుకు పోతోందని తెలిసి రత్నమ్మ సార్‌ను చాయ్‌కి పిలిచింది. అవ్వ కుట్టిన బొంత పరిచింది. తాతల నాటి లాంతరు తుడిచి ఎదురుగా పెట్టింది. పాడె ముడినే వదలని మనిషి ఆ రెండింటినీ చూసి "మంచిగున్నయి" అని ఊరుకున్నాడు.

"చరిత్ర ఏమన్న ఉన్నదా సార్?"

"చాయ్ మస్తున్నది రత్నమ్మా."

ఇక లాభం లేదనుకుంది రత్నమ్మ. దయ్యం లేకపోతే మనమే తయారుచేసుకోవాలి. చిక్కేమిటంటే, చీకటి పడితే ఆమెకు కళ్ళు మూతలు పడతాయి. అందుకని పగటి దయ్యాన్నే పెట్టుకుంది. మధ్యాహ్నం వంట మధ్యలో లేచి, మెట్ల కింది చీకటి కొట్లో దూరి, పాత ఇత్తడి బిందెను అటూ ఇటూ దొర్లించేది. పైన కిరాయికున్న ఝాన్సీ ఆ చప్పుడుకు హడలిపోయేది. ఆమె మొగుడు సుబ్బారావు ఫ్యాక్టరీ ఉద్యోగి. "మా షిఫ్టులు చూసి దయ్యం కూడా డే షిఫ్టు వేయించుకుందండీ" అని నవ్వేవాడు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక మధ్యాహ్నం బిందె దొర్లించి వచ్చి పోపు పెడుతున్న రత్నమ్మ దగ్గరకు ఝాన్సీ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "పిన్నిగారూ, సామాన్లు సర్దేస్తున్నామండీ. మిమ్మల్ని వదిలి వెళ్ళాలంటే ప్రాణం ఒప్పడం లేదు. కానీ పట్టపగలే ఇలా ఉంటే నేనొక్కదాన్నీ ఎలా ఉండనండీ? దయ్యాల సంగతి తెలిసినవారని చెన్నబసప్పగారికి కూడా ఫోన్ చేశాను."

పోపు మాడుతున్నా రత్నమ్మకు పట్టలేదు. పైన కన్నకూతురిలా మసలే పిల్ల వెళ్ళిపోతోంది. వెళ్ళాక దయ్యమున్న ఇంట్లోకి ఇంకెవరొస్తారు? నిజం చెబుదామంటే పరువు పోతుంది.

సార్ రానే వచ్చాడు. గల్లీ అంతా పోగైంది, ముందు వరసలో బీరమ్మ. సార్ కొట్లోకి వంగి వెళ్ళాడు, వెనకే రత్నమ్మ. బిందె మీద పచ్చిగా పసుపు వేళ్ళ ముద్రలు! సార్ వాటిని చూశాడు. రత్నమ్మ చేతులు చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి బిందెను శుభ్రంగా తుడిచి, బయటికొచ్చాడు.

"పిల్లి," అన్నాడు.

"దాని వెనక చరిత్రేమైనా ఉందేమోనండీ?" అంది ఝాన్సీ.

"ఏ చరిత్రా లేదు బిడ్డా. ఒట్టి పిల్లి. సామాను విప్పుకోండ్రి."

గల్లీ నోరెళ్ళబెట్టింది. చెన్నబసప్ప సార్ నోట చరిత్ర లేదన్న మాట ఎవరూ ఎన్నడూ వినలేదు.

జనం పోయాక రత్నమ్మకు సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి. "పరువు కాపాడిన్రు, సల్లగుండున్రి. గాని సార్, బీరమ్మకు దయ్యం, నాకు పిల్లా? మా ఇల్లేం పాపం చేసింది?"

"బీరమ్మ ఒక్కతే ఉంటది. జాగా అమ్ముమని ప్లాట్లోళ్ళు రోజు సతాయిస్తుండిరి. అత్త ముచ్చట అచ్చయినంక ఒక్కడన్న వచ్చిండా? సాల్మన్‌కు గిరాకి లేకుండె. నీలమ్మతోని మాట్లాడెటోళ్ళే లేకుండిరి. ఎవరికేం కావాలెనో అది రాసిన. నీకేం తక్కువున్నదని రాయాలె? కింద మంచి మొగుడు, మీద బిడ్డసొంటి పిల్ల. దయ్యం రాస్తే ఉన్నది పోతది."

రత్నమ్మ ఇన్నేళ్ళూ తనకే అన్నీ తక్కువనుకుంది. కళ్ళు తుడుచుకుని, కొంగు దోపుకుని, నేరుగా బీరమ్మ గడపకు వెళ్ళింది. ప్లాట్లవాళ్ళ సంగతి మాత్రం కడుపులోనే దాచుకుంది.

"ఏందొదినె, పిల్లేనంటగద?" అంది బీరమ్మ, నవ్వు ఆపుకుంటూ.

"ఔనొదినె. మా ఇంట్ల తక్కువనేదే లేదంట. గందుకే ఏం రాయలేదంట. సారే చెప్పిండు."

బీరమ్మ మొహంలో నవ్వు మాయమైంది. "నీతోని గట్లన్నడా? నాతోని ఎన్నడనకపాయె!"

అప్పుడే మోపెడ్ ఎక్కుతున్న సార్ వెనక బీరమ్మ చెప్పుల్లేకుండానే ఉరికింది.

"సారూ! మా ఇంట్ల గూడ ఏం తక్కువ లేదు, జర రాసుకోండ్రి!"