రెండు గంటల తూకం ఆట

మధ్యాహ్నం రెండు గంటలకు టీవీలో వచ్చే తూకం ఆటను ఆపేసినవాళ్లను నేను ఇప్పటికీ క్షమించలేదు. దానికి ఏమంత ఖర్చు? ఒక కాంటా, మూతి కట్టిన సంచి, నలుగురు ఆడవాళ్లు. సంచి చేత్తో పట్టి బరువు చెప్పాలి. దగ్గరగా చెప్పినామెకు అందులోని సామాను. ఇంకో పదేళ్లు నడవాల్సిన ఆట అది.

నేను చదివింది మూడో తరగతి. తర్వాతంతా ఆదిలాబాద్ పత్తి చేన్లే. కిలోల లెక్కన కూలి. కాంటా దగ్గర మోసపోకూడదని మూటను ముందే నడుం మీదికి ఎత్తుకుని బరువు పట్టేదాన్ని. టీవీలో సంచిని ముట్టుకోలేను కదా, పట్టుకున్నామె మణికట్టు ఎంత కిందికి దిగిందో చూసి చెప్పేదాన్ని. తప్పింది తక్కువ.

పక్కింట్లో ఉండే నా తోడికోడలు పది పాసైంది. "అక్కా, ఇంట్ల కూసోని అందరు గెలుస్తరు. మూడో తరగతోళ్లను టీవీల ఎవలు నిలవెడ్తరు?" అని చుట్టాల ముందే అంది. ఆ మాటకే మనవరాలితో టీవీవాళ్లకు ఉత్తరం రాయించాను. గురువారం కరీంనగర్‌లో ఎంపిక, రమ్మని ఫోన్ వచ్చింది. కొత్త చీర కొనలేదు. ఉన్నదాన్నే గంజి పెట్టి పరుపు కింద మడతేశాను.

బుధవారం మళ్లీ ఫోన్. ఆట ఆపేశారట, చూసేవాళ్లు లేరట. మా వాడంతా చూసేది మరి! సోమవారం నుంచి అదే వేళకు అత్తాకోడళ్ల సీరియల్ మొదలైంది. అందులో ఒక తలుపు తెరవడానికి వారం పడుతుంది. అది మాత్రం ఇంకా నడుస్తోంది.

"ఫికర్ జెయ్యకు అక్కా. నువ్వు పోకముందే ఆపిన్రు, ఇజ్జత్ దక్కింది," అంది తోడికోడలు. చీరను మడత విప్పకుండా పెట్టెలో పెట్టాను.

పోయిన పత్తి కాలంలో పత్తి కొనే బేరగాడొకడు కాంటా పట్టుకుని తోడికోడలు వాళ్ల వాకిట్లోకి వచ్చాడు. మొదటి మూట పద్దెనిమిది కిలోలన్నాడు. తోడికోడలు కాంటా మీది అంకె చదివి రాసుకుంది. నేను వెళ్లి మూటను మోకాలి మీదికి లేపాను.

"ఇరువై ఒకటి. తక్కువుంటే గీ మూట నెత్తిన వెట్టుకోని ఊరంత తిరుగుత."

ఇంకో ఇంటి కాంటా తెప్పించి తూచారు. ఇరవై ఒకటి. బేరగాడు తన కాంటా సర్దుకుని పోయాడు.

ఆ సాయంత్రం తోడికోడలు మా గడప ఎక్కింది. రేపు వేరే బేరగాడిని పిలుస్తున్నామని, నన్ను దగ్గరుండమని అడిగింది. రెండు గంటలకు వస్తానన్నాను.

"పొద్దుగాల రారాదు అక్కా? రెండింటికి నా సీరియల్ వస్తది."

"రెండింటికే నా చెయ్యి పనిజేస్తది."

మర్నాడు పెట్టెలోని చీర కట్టుకుని వెళ్లాను. ఆమె టీవీ కట్టేసి వచ్చి మూట కొస పట్టుకుని నిలబడింది. పత్తి అమ్ముడుపోయేదాకా రోజూ అంతే. మూట బరువు చెప్పడానికి నాకు ఒక్క నిమిషం చాలు. సీరియల్ అయిపోయేదాకా తూచాను.