మా ఆయన తువ్వాలు వియన్నా వెళ్లింది

మా ఆయన గౌరీశంకరం గారికి దేవుడు ఒకే ఒక్క విద్య ఇచ్చాడు. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపడం. పాట రాదు, బేరం రాదు, పంచె జారకుండా కట్టుకోవడమూ రాదు. కానీ తెనాలి బస్టాండులోకి రేపల్లె బస్సు మలుపు తిరుగుతుండగానే, ఇంకా ఆగకముందే, మధ్యలో ఎన్ని తలకాయలున్నా సరే, ఆయన విసిరిన తువ్వాలు కిటికీ పక్క సీట్లో పడి తీరుతుంది. అర్జునుడికి పిట్ట కన్ను కనపడినట్టు ఈయనకి సీటు కనపడుతుంది. మిగతా ప్రపంచం కనపడదు. ఇంట్లో గ్యాస్ బండ అయిపోయిన సంగతి అసలే కనపడదు.

నేను రేపల్లెలో డ్రాయింగ్ టీచర్ని. ఆయన దుగ్గిరాల పసుపు యార్డులో గుమస్తా. మా కాపురం తెనాలిలో. అంటే పొద్దున్నే నేనొక దిక్కు, ఆయనొక దిక్కు. ముందు నాకు సీటు ఆపేవారు. నేను ఎక్కి కూర్చుని, కిటికీలోంచి తువ్వాలు తిరిగి అందించేదాన్ని. దాన్ని భుజాన వేసుకుని తన బస్సు కోసం పరిగెత్తేవారు. నా ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఇదే భాగోతం. పోనీ కలిసి ఎక్కడికైనా వెళ్లినప్పుడు నా పక్కన కూర్చున్నారా అంటే, అదీ లేదు. "కూర్చోండి" అంటే "బస్సు కదిలాక చూద్దాంలే" అంటారు. కదిలేలోపు ఆ సీటు ఏ ముసలమ్మకో, చంటిపిల్ల తల్లికో ఇచ్చేసి, తాను డోరు దగ్గర వేలాడతారు. సీటు ఆపడంలో ఉన్న శ్రద్ధ కూర్చోవడంలో లేని మనిషిని ఏం చేసుకోను?

తువ్వాలుకి మా వైపు ఉన్న మర్యాద అంతా ఇంతా కాదు. ఒకసారి తొందరలో రేపల్లె బస్సనుకుని బాపట్ల బస్సులోకి విసిరారు. బస్సు తువ్వాలుతో సహా వెళ్లిపోయింది. ఈయన వెనక బస్సెక్కి దాన్ని బాపట్ల దాకా తరుముకుంటూ వెళ్లారు. తీరా చూస్తే సీటు ఖాళీగానే ఉందట. దారి పొడుగునా జనం ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ నిలబడి వచ్చారట గానీ, ఒక్కరూ అందులో కూర్చోలేదట. "ఎవరిదో పాపం, వస్తారేమో అనుకున్నామండీ" అన్నాట్ట కండక్టరు. ఈ కథ ఆయన పెళ్లిళ్లలో చెప్పారు, పరామర్శకు వెళ్లిన ఇళ్లలో కూడా చెప్పారు. నేను కొంగు లాగినా ఆపలేదు.

ఇక నా పిచ్చి వేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా హెడ్మాస్టరు పాండురంగారావు గారు ఎక్కడిదో ఒక విదేశీ క్యాలెండరు బొమ్మ తెచ్చి ఇచ్చారు. పాతకాలం వంటిల్లు. పొయ్యి మీద కుండ. పొడుగాటి బల్ల మీద ఒక చివర కూర్చున్న ముసలావిడ, బల్ల కింద పిల్లి. అడుగున వియన్నా అనీ, అక్కడి మ్యూజియం పేరూ అచ్చువేసి ఉన్నాయి. ఎంత ముచ్చటపడి గోడకు పెట్టించానో! అది ఫ్యాను గాలికి ఎగురుతోందని ఆయా నాగమ్మ ఒక సోడా మూత పెట్టి, మధ్యలో మేకు దిగ్గొట్టింది. సరిగ్గా ముసలావిడ కుడిచేతి మీద. నేను లబోదిబోమంటూ మూత పీకితే దాంతోపాటు కాగితమూ ఊడొచ్చింది.

"చెయ్యేగా మేడమ్. మొహం బానే ఉందిగా" అంది నాగమ్మ. దాని మొహం!

అప్పట్నించి ఏటా పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న, ఆ చేతిలో ఏముందని. నాకు మాత్రం ఏం తెలుసు? "మీకేం తోస్తే అది వేయండి" అనేదాన్ని. మొదట్లో వంకాయలూ గరిటెలూ వేసేవాళ్లు. తర్వాత తర్వాత టీవీ రిమోట్ వచ్చింది. నా ఆఖరి తరగతి మొత్తం సెల్‌ఫోన్ వేసింది. ఆ చెయ్యి నన్ను నిద్రపోనిచ్చేది కాదు. రిటైరయ్యాక ఇంకేమీ కోరలేదు నేను. వెళ్లి ఆ బొమ్మ ఎదురుగా కాసేపు కూర్చుని, ఆ చేతిలో ఏముందో కళ్లారా చూడాలి. "ఫోన్లో వెతికితే దొరుకుతుంది కదండీ" అని సలహా ఇచ్చినవాళ్లతో మాటలు మానేశాను. ఇన్నేళ్లు ఎదురుచూసి, చివరికి అగ్గిపెట్టెంత అద్దంలో చూసుకోనా?

నా దగ్గర చదువుకున్న నగ్మా అనే పిల్ల ఇప్పుడు విహారయాత్రల కంపెనీలో మేనేజరు. జనాన్ని వెంటేసుకుని విదేశాలు తిప్పుతుంది. చిన్నప్పుడు ఆ చేతిలో చపాతీ కర్ర వేసింది. తనే ఫోన్ చేసి, "వియన్నా ట్రిప్పుంది, వస్తారా మేడమ్?" అని అడిగింది. ఎగిరి గంతేశాను. అంటే, మనసులోనే. నా మోకాళ్లకు గంతులు పడవు.

"మ్యూజియం అంటే పాత సామానేగా? మన అటక మీద లేదూ?" అన్నారు మా ఆయన. అంటూనే పెట్టెలో అన్నిటికన్నా ముందు తువ్వాలు సర్దారు. దాని పక్కనే దుగ్గిరాల పసుపు పొట్లం ఒకటి దోపారు. "పరాయి దేశంలో చెయ్యి తెగితేనో?" అని.

మొదటి రోజు హోటల్లోంచి భుజాన తువ్వాలుతో బయటికొచ్చిన మనిషిని చూసి నగ్మా హడలిపోయింది. "అంకుల్, మీకు దణ్ణం పెడతాను, ఇక్కడ బాగోదు" అని బతిమాలి, మళ్లీ పెట్టెలో పెట్టించింది. ఆ రోజు నుంచి ఈయన ఆస్తి పోయినట్టు తిరిగారు.

ఆ ఊళ్లో అడుగడుక్కీ ఒక మ్యూజియమే. గడియారాల మ్యూజియంకి తీసుకెళితే, తన చేతి గడియారం మన టైములోనే ఉందన్న సంగతి మరిచిపోయి, "ఇన్ని పెట్టారు, ఒక్కటీ సరిగ్గా లేదు" అని అక్కడి ఉద్యోగిని ఓదార్చి వచ్చారు. రథాల మ్యూజియంలో రాజుగారి గుర్రబ్బండి కిటికీలోకి తల దూర్చబోయి, "ఊచల్లేవు లలితా! ఇందులోకి కళ్లు మూసుకుని వేసెయ్యొచ్చు" అని మురిసిపోయారు. మూడోది కుర్చీల మ్యూజియం. నిజం, వట్టి కుర్చీలే! హాళ్ల నిండా కుర్చీలు. దేనిలోనూ కూర్చోకూడదు, చుట్టూ తాళ్లు కట్టారు. అప్పటికే నా మోకాళ్లు రెండూ శోకాలు పెడుతున్నాయి. నన్ను చూశారు, ఆ ఖాళీ కుర్చీలను చూశారు, మొహం కందగడ్డ అయింది.

"ఇన్ని సీట్లు ఖాళీగా పెట్టుకుని ఆడమనిషిని నిలబెడతారా? ఇదేం ఊరండీ బాబూ!" అని అచ్చ తెలుగులో అరిచారు. అందరూ మా వంక తిరిగారు. నేను ఒక కుర్చీ పక్కన కుర్చీలా నిలబడిపోయాను.

నా బొమ్మ ఉన్న మ్యూజియం ఆఖరి రోజుకి మిగిలింది. అక్కణ్ణుంచి నేరుగా ఎయిర్‌పోర్టుకే. హోటల్ నుంచి బయల్దేరుతుంటే మా ఆయన పెట్టెలో చెయ్యి పెట్టి, ఏదో తీసి, గభాలున కోటు లోపల దోపుకున్నారు. ఏంటని అడిగితే "జేబురుమాలు" అన్నారు. అంత లావు జేబురుమాలు ఏ జేబుకి ఉంటుందో నాకు అర్థం కాలేదు.

ఆ మ్యూజియం హాళ్లు ఎంతకీ తరగవు. ఒకటి దాటితే ఇంకొకటి. నా బొమ్మ ఆ చిట్టచివర గదిలో ఉందట. సగం దూరానికే మోకాళ్లు పట్టేశాయి. ఆయన చెయ్యి పట్టుకుని ఈడ్చుకుంటూ ఆ గది గుమ్మం దాకా వెళ్లాను. ఇక ఒక్క అడుగు పడితే ఒట్టు. ఎదురు గోడన నా బొమ్మ ఉంది. దాని ముందు ఎవరిదో గుంపు అడ్డంగా నిలబడింది. తలల మధ్యలోంచి పొయ్యి మీద కుండ ఒక్కటే కనపడుతోంది. బొమ్మ ఎదురుగా ఒక బెంచీ. దాని నిండా జనం, బొమ్మ వైపు వీపు పెట్టి ఫోన్లు చూసుకుంటున్నారు.

"మేడమ్, బస్సు వెయిట్ చేస్తోంది. ఇక్కణ్ణుంచే చూసేసి వెళ్లిపోదాం" అంది నగ్మా, నా వంక చూడలేక చూస్తూ.

నాకు ఏడుపొచ్చేసింది. దాచుకోలేదు కూడా. తెనాలి నుంచి ఇంత దూరమొచ్చి, కుండ చూసి వెళ్లనా? మా ఇంట్లో కుండల్లేవా? ఆ చెయ్యి చూడకుండా ఇంటికెళితే ఇక చచ్చేదాకా అది నాకు సోడా మూతగానే మిగులుతుంది.

అప్పుడు బెంచీ మీది ఒక లావుపాటి ఆయన లేచాడు. అటు పక్కనుంచి కెమెరా మెళ్లో వేసుకున్న ఇంకొకాయన ఆ ఖాళీ వైపు నడుస్తున్నాడు. మా ఆయన కళ్లు చిన్నవయ్యాయి. ఆ చూపు నాకు తెలుసు. "ఏవండీ, వద్దు..." అనేలోపే కోటులోంచి మడత తువ్వాలు బయటికి రావడం, తలల మీదుగా లేవడం, గాలిలో విచ్చుకోవడం, సరిగ్గా ఆ ఖాళీలో పడడం అయిపోయాయి. పడీపడగానే దాన్నించి పచ్చటి దుమ్ము మేఘంలా లేచింది.

పెట్టెలో పొట్లం పగిలి, పసుపంతా తువ్వాలు మడతల్లో చేరిందని మాకేం తెలుసు?

ఇక చూడాలి సంబడం! బెంచీ మీదివాళ్లు తుమ్ముకుంటూ లేచి పరిగెత్తారు. కెమెరా ఆయన పచ్చటి మీసాలతో అరిచాడు. గదికి కాపలాగా నిలబడే పెద్దావిడ వాకీటాకీలో ఏదో చెప్పింది. గదిలో పురుగు లేకుండా అందర్నీ బయటికి తోలి, గుమ్మానికి తాడు కట్టేశారు. చేతులకు తొడుగులేసుకున్న ఇద్దరు వచ్చి, తువ్వాలుకు దూరంగా నిలబడి, పాముని చూసినట్టు చూస్తున్నారు.

"మీ తువ్వాలు తగలెయ్య!" అన్నాను నేను. "ఆ కనపడే కుండ కూడా లేకుండా చేశారు కదండీ!"

ఆయన తిన్నగా ఆ కాపలా ఆవిడ దగ్గరికి వెళ్లారు. ఆవిడ గుండె మీద పేరు బిళ్లపై హెలెన్ అని ఉంది. "మేడమ్, మై టవల్. మై వైఫ్ సీట్" అన్నారు. ఆవిడకు అర్థం కాలేదు. కోటుకు అంటిన పసుపు వేలితో తీసి నోట్లో పెట్టుకున్నారు. చప్పరించి, "దుగ్గిరాల సరుకు, నంబర్ వన్" అన్నారు. తొడుగుల వాళ్లలో ఒకడు భయపడుతూనే ముందుకొచ్చి వాసన చూశాడు. "కుర్కుమా!" అంటూ పకపకా నవ్వాడు. వాళ్ల భాషలో పసుపుకి అదే పేరని నగ్మా చెప్పింది.

హెలెన్ మాత్రం నవ్వలేదు. అసలు దాన్నెందుకు విసిరాడని నగ్మాని అడిగింది. పాపం నగ్మా, తెనాలి బస్టాండూ, రేపల్లె బస్సూ, తువ్వాలు పడ్డ చోట ఎవరూ కూర్చోకపోవడమూ అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. బాపట్ల కథ కూడా చెప్పింది, మా ఆయన పక్కనుంచి అందిస్తుంటే. హెలెన్ అంతా విని, నా మోకాళ్ల వైపు చూసి, ఒకటే మాటంది.

"సీటు ఈవిడదైతే మరి ఇంకా నిలబడే ఉందేంటి అంటోంది మేడమ్" అంది నగ్మా గొంతు తగ్గించి.

హెలెన్ తాడు పైకెత్తింది. గది తుడిచి జనాన్ని వదిలేదాకా టైముందట. మా ఆయన చెయ్యి పట్టుకుని, అంత పెద్ద ఖాళీ గదిలోకి మెల్లగా నడిచాను. ఆయన ఎప్పటిలాగే తువ్వాలు తీసి సీటు దులిపారు. మళ్లీ పసుపు లేచింది. నేను కూర్చున్నాను. అబ్బ, ప్రాణం లేచొచ్చింది! ఆయన ఎప్పటిలాగే పక్కన నిలబడ్డారు.

ఎదురుగా నా వంటిల్లు. నా కుండ, నా పిల్లి, నా ముసలావిడ. కుడిచెయ్యి.

"ఏముంది మేడమ్? చపాతీ కర్రేనా?" అని నగ్మా గుమ్మంలోంచి అడిగింది.

"ఏమీ లేదే" అన్నాను. నిజంగానే ఏమీ లేదు. ఖాళీ చెయ్యి. బల్ల మీద, తన పక్కన, వేళ్లు చాపి బోర్లా పెట్టుకుందంతే. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్ల వంకాయలూ, గరిటెలూ, సెల్‌ఫోన్లూ, అన్నీ దీనికోసమా?

మా ఆయన వంగి చూశారు. జన్మలో ఒక బొమ్మను అంత శ్రద్ధగా చూసిన మనిషి కాదు. చూసి చూసి, "అదేంటి లలితా, అర్థం కాలేదా? సీటు ఆపింది" అన్నారు. "చూడు, కళ్లు గుమ్మం వైపే ఉన్నాయి. ఎవరో రావాలి. పిచ్చి తల్లి, అలా చెయ్యి పెట్టుకుని ఎంతసేపని కూర్చుంటుంది? తువ్వాలు వేసుకుంటే సరిపోయేదిగా!"

మళ్లీ చూశాను. నిజమే. బల్లంతా ఖాళీగా ఉన్నా ఒక చివరకు ఒదిగి, పక్క చోటు చేత్తో ఆపి, గుమ్మం వైపు చూస్తోంది. ఎదురెదురుగా రెండు బల్లలు, ఆవిడదీ నాదీ. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. జరిగి, నా పక్కన చెయ్యి వేశాను.

"రండి, కూర్చోండి."

"కదిలాక చూద్దాంలే" అన్నారు అలవాటుగా.

"ఇది కదలదండీ. కూర్చోండి."

ఆయన కండక్టరు కోసం చూసినట్టు హెలెన్ వైపు చూశారు. ఆవిడ తల ఊపింది. అప్పుడు తువ్వాలు ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చున్నారు.