చాప జరిగిన దూరం

శ్రావణ మాసం, ఆదివారం, ఉదయం పది గంటలు. హాజరు: నేను, మా ఆవిడ, కోడలు, ఐదేళ్ల మనవరాలు. కొడుకు డ్యూటీకి వెళ్లాడు. స్థలం: చిట్కుల్ దాటాక వాగు గట్టు. తిండి: పులిహోర, కాల్చిన మక్క కంకులు. ముందురోజు పెద్ద వాన.

మొన్నటి పేజీ ఇది. కాలానికొకసారి పిల్లలను చెట్ల కిందికి తీసుకెళ్లి అన్నం తినిపించడం మా ఇంటి అలవాటు. ఎండలకు ముంజలు, వానలకు వాగు, చలికి రేగుపళ్లు. ఎవరు వచ్చారు, ఏం తిన్నాం, చాప ఎక్కడ పరిచాం, అన్నీ ఆకుపచ్చ అట్ట డైరీలో ఉంటాయి. డ్యూటీ సంగతులకు నల్ల అట్టది వేరు. వాగుకు ఎగువనున్న ఒక మందుల కంపెనీలో పంపు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. ఇంటి మాట డ్యూటీ డైరీలోకి, డ్యూటీ మాట ఇంటి డైరీలోకి ఏనాడూ రానివ్వలేదు. అదొక గొప్పగా చెప్పుకునేవాణ్ని.

ఆవిడ చాపను దాదాపు రోడ్డు పక్కనే పరిచింది. "మన చాపకు కాళ్లొచ్చినయి. ఏడాదికింత రోడ్డు దిక్కు నడుస్తున్నది," అంది. నవ్వాను. మేము కంకులు కాలుస్తుండగానే పిల్ల దిగువకు ఉరికింది. "తాతా, సబ్బు నురగ!" అని అరుస్తూ మోకాళ్ల దాకా తెల్లగా పూసుకొని వచ్చింది. ఇల్లు చేరేసరికి ఆ కాళ్ల మీద ఎర్రగా దద్దుర్లు తేలాయి. గోక్కుంటూ ఒకటే ఏడుపు.

కొబ్బరినూనె రాస్తూ కోడలు అంది: "మామా, మీ డైరీలల్ల అన్నీ ఉంటయంటరు గదా. గీ నీళ్లు ఎప్పటిసంది ఖరాబైనయో తీయుండ్రి."

ఉత్సాహంగా తీశాను. కంపెనీవాళ్ల గుట్టు ఇవాళ బయటపెడతాననుకున్నాను. ఆమె కూడా ఒక కంపెనీలో రిజిస్టర్లు సరిచూసే ఉద్యోగి. మంచం మీద కూర్చొని రెండు డైరీలూ పక్కపక్కన పెట్టింది. ఆ పని నేనెప్పుడూ చేయలేదు.

నల్లదాంట్లో ఒక శనివారం: "పెద్ద వాన. ఇన్‌ఛార్జి చెప్పగా వ్యర్థాల ట్యాంకు వాల్వు వాగులోకి తీశాం." ఆకుపచ్చదాంట్లో ఆ మర్నాడు: "వాగుకు వెళ్లాం. నురగ. బాబు గడ్డం పెట్టుకొని ముసలివాడిలా నడిచాడు. అందరం నవ్వాం. చాప అత్తిచెట్టు కింద." మరుసటేడు: "వాసన. చాప గట్టు మీద." తర్వాత: "చాప ఇంకా పైకి." ఎందుకు పైకి జరిపామో ఏ పేజీలోనూ లేదు.

"వాల్వు తీసింది మీరేనా?"

"మేమే."

"అప్పుడు మా ఆయనకు ఎన్నేండ్లు?"

"ఆరు."

ఆమె చేతిలోంచి డైరీ లాక్కొని గోడకు విసిరాను. ముందు కోడలి మీదే కోపం వచ్చింది. తర్వాత, "వానల కలిసిపోతది, ఎవనికెరుక" అంటూ మా అందరికీ చాయ్ తాగించిన ఆ ఇన్‌ఛార్జి మీద. ఇప్పటికీ వాన కోసం కాచుకొని అదే వాల్వు తిప్పుతున్నవాళ్ల మీద. అన్నిటికంటే ఎక్కువగా, స్కేలుతో గీతలు కొట్టుకొని రాసిన నా గుండ్రటి దస్తూరీ మీద. నేల మీది డైరీని ఆవిడ తీసి దులిపింది. "ఇన్నేండ్లు రాసుడే రాసుడు! ఒక్కనాడన్న సదివినవా?" అంది.

మర్నాడు సోమవారం. సంగారెడ్డి కలెక్టరాఫీసులో ప్రజావాణి వరుసలో రెండు డైరీలతో నిలబడ్డాను. పక్కన కోడలు, ఆమె చంకలో పిల్ల. "ఎవలి మీద ఫిర్యాదు, పెద్దాయనా?" అన్నాడు గుమాస్తా. కంపెనీ పేరు చెప్పాను.

"వాల్వు తిప్పినోళ్లల్ల నేనొకణ్ని. అది గూడ రాయి."

"మీ మీద మీరే ఎట్లిస్తరు సార్? సాక్షి అని రాస్త."

"సాక్షి అయితే చూసి ఊకున్నట్టుంటది. నేను తిప్పిన. గట్లనే రాయి."

అతను నన్నొకసారి, పిల్ల కాళ్లనొకసారి చూసి రాశాడు. రోజు గడవగానే పేజీ తిప్పడం నాకు అలవాటు. ఆ శనివారం మాత్రం ఇంకా గడవలేదు, నా మనవరాలి కాళ్ల మీద ఎర్రగా అలాగే ఉంది.